వాల్వు తిప్పే మనిషిని కొనండి సార్

గౌరవనీయులైన మున్సిపల్ కమిషనరు గారికి,

ఏటా ఏప్రిల్ 30లోగా ఇంటిపన్ను కట్టేసి 5 శాతం రిబేటు మిగుల్చుకునే ఒక పట్టణవాసి నమస్కరించి రాయునది.

కొత్త బడ్జెట్ పుస్తకం చదివాను. ఊరి మొదట్లో ఆర్చి, పార్కులో రంగుల లైట్లు, చెరువు గట్టున ఊరి పేరు, పక్కన ఎర్రటి గుండె బొమ్మ. దేనికీ కాదనను. ఎన్ని పద్దులు తిరగేసినా కనబడనివాడు ఒక్కడే, మా వీధికి నీళ్లు వదిలే ఫిట్టరు.

మీరు ఆయన్ని చూసి ఉండరు. మీరు లేచేసరికి ఆయన పని సగం అయిపోతుంది. చీకటితోనే పాత టీవీఎస్ బండి మీద వస్తాడు. వెనక టీ ఆకారపు పొడుగాటి ఇనప కడ్డీ కట్టి ఉంటుంది. గుంత మీది బండ పక్కకి జరిపి, లోపల నిలిచిన మురుగు డబ్బాతో తోడిపోసి, కడ్డీ దించి తిప్పుతాడు. ఏ వీధికి ఎన్ని చుట్లు తిప్పాలో, ఏ వాల్వు సగంలో మొరాయిస్తుందో అంతా ఆయన బుర్రలోనే ఉంది. ఇంజినీరింగ్ సెక్షన్ మ్యాపులో లేదు. మొన్న ఆయనకు జ్వరమొచ్చింది. ట్యాంకు నిండుగానే ఉంది, కుళాయిల్లో మాత్రం గాలి బుస్సుమంది. తోటివాళ్లు రిటైరయ్యారు, వాళ్ల వార్డులు కూడా ఆయన నెత్తినే పడ్డాయి.

ఆ ఖాళీలు నింపరా అని మీ ఆఫీసులో అడిగితే దాచకుండానే చెప్పారు: గ్రాంటు ఉందండీ, జీతాలకు వాడకూడదు. నిజమే. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లకిమ్మన్న గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ ముడిపెట్టింది. మిగతా 40 శాతం మీ ఇష్టానికే వదిలింది, జీతాలకూ ఎస్టాబ్లిష్‌మెంటుకూ తప్ప. అంటే మోటారు కొనొచ్చు, పైపు కొనొచ్చు. వాటిని నడిపేవాడి జీతం మాత్రం సాధారణ నిధిలోంచి, అంటే మా పన్నులోంచి రావాలి. పోనీ పోస్టన్నా మీరే ఇచ్చుకోగలరా? అది సచివాలయం మంజూరు చేయాలి. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చి, పట్టణాలకు అప్పజెప్పదగ్గ 18 పనులను 12వ షెడ్యూలులో రాసిపెట్టింది. పనివాళ్ల సంగతి రాష్ట్రం చూసుకుంటుందనుకుంది కాబోలు.

కాబట్టి నా మనవి ఒక్కటే. ఆయన్ని యంత్రంగా రాసేసుకోండి. టెండరు నేనే తయారుచేశాను: "నీటి విడుదల పరికరం, ఒకటి. ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. ఇంధనం రోజుకు రెండు టీలు. వానలో, పండగల్లో, ఆదివారాల్లో పనిచేయవలెను. శబ్దం కొద్దిగా, అదీ జీతం ఆలస్యమైనప్పుడే." స్టాకు రిజిస్టరులో నంబరు వేసుకుంటే ఆడిటువాళ్లు కూడా అభ్యంతరం చెప్పరు.

ఒక్క చిక్కుంది. యంత్రాల పరిస్థితీ అంతంతమాత్రమే. మీ ఆఫీసు ఆవరణలో రోడ్లు ఊడ్చే యంత్రం టార్పాలిన్ కప్పుకుని పడుంది, డ్రైవరు పోస్టు లేదట. రోజూ పొద్దున్నే దాని చుట్టూ పోగైన ఆకులను ఔట్‌సోర్సింగ్ అమ్మ ఒకామె చీపురుతో ఊడుస్తుంది. కనుక టెండరులో మరో షరతు చేర్చగలరు: "పరికరమును టార్పాలిన్ కప్పి ఉంచరాదు."

మార్చిలో వేసిన సిమెంటు రోడ్డును పైపు కోసం ఏప్రిల్‌లో తవ్విన వైనం మరో లేఖలో.

ఇట్లు,
మీ విధేయుడు

తా.క.: కూడలిలో కొత్త ఫౌంటెన్‌కు ముహూర్తం పెట్టేముందు, ఆ పూట మా ఫిట్టరు ఏ వార్డులో ఉంటాడో కనుక్కోండి. మంత్రిగారు బటన్ నొక్కినా, నీళ్లు వదలాల్సింది ఆయనే.