పద్నాలుగేళ్ల పీలేలు, పాతికేళ్ల మాజీలు

అమెరికన్ సాకర్ అభిమానికి ఏడాదికి ఒక్క ఉగాది సరిపోదు. శనివారం ఒకటి, ఆదివారం ఒకటి, ఛాంపియన్స్ లీగ్ ఉన్న వారమైతే మధ్యలో ఇంకొకటి కావాలి. ఆట ముగిసి ఆటగాళ్లు స్నానాలకు వెళ్లేలోపే పంచాంగ శ్రవణం మొదలవుతుంది. మిలాన్‌లో క్రిస్టియన్ పులిసిక్ గోల్ కొట్టాడా? రాజపూజ్యం 7, అవమానం 0. మరుసటి ఆదివారం తొడ కండరం పట్టేసి బయట కూర్చున్నాడా? రాజపూజ్యం 1, అవమానం 6, ఆపైన ఏలినాటి శని. అసలు పంచాంగానికి కాస్త నిలకడైనా ఉంటుంది. చైత్రంలో చెప్పిన మాట మీద ఫాల్గుణం దాకా నిలబడుతుంది. ఈ పంచాంగం మాత్రం వారానికోసారి తిరగరాస్తారు, పాతది ఎవరూ దాచుకోరు.

ఈ సిద్ధాంతుల బీజాక్షరం 'పొటెన్షియల్'. కుర్రాడు ఇవాళ ఎలా ఆడాడన్నది చప్పటి ప్రశ్న. తొంభై నిమిషాలు కూర్చుని చూస్తే తెలిసిపోతుంది, ఇక వాదించుకోవడానికి ఏమీ మిగలదు. రేపు ఎంతవాడవుతాడన్నదే రసవత్తరమైన ప్రశ్న. చూసినా తెలియదు, చూడకపోయినా తెలియదు కాబట్టి ఆట చూసినవాడికీ చూడనివాడికీ మాట్లాడే హక్కు సమానం. జోస్యం ఫలిస్తే 'నేను అప్పుడే చెప్పాను కదా' అనవచ్చు. ఫలించకపోతే తప్పు కోచ్‌ది, గాయానిది, రిఫరీది, కుర్రాడి బద్ధకానిది. జోస్యం చెప్పినవాడిది మాత్రం ఎన్నడూ కాదు.

ఈ విద్యకు తొలి బలి ఫ్రెడ్డీ అడూ. ఘనాలో పుట్టి అమెరికాకు వలస వచ్చిన ఈ కుర్రాడు 2004 ఏప్రిల్ 3న డీసీ యునైటెడ్ తరఫున మేజర్ లీగ్ సాకర్‌లో అడుగుపెట్టాడు. అప్పటికి అతని వయసు 14 సంవత్సరాల 306 రోజులు. లీగ్‌లో అందరికంటే ఎక్కువ జీతం అతనిదే. నైకీ కంపెనీ మిలియన్ డాలర్ల ఒప్పందం రాసిచ్చింది. పీలే పక్కన నిలబెట్టి కూల్‌డ్రింక్ ప్రకటన కూడా తీశారు. పీలే పక్కన నిలబడ్డవాడు పీలే కాక మరేమవుతాడు? ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు మనవాళ్లు. అక్కడ కొడుకు పేరు పీలే, అంతే తేడా.

తర్వాత ఏమైంది? 2007లో పోర్చుగల్ క్లబ్ బెన్ఫికా కొనుక్కుంది. అక్కణ్నుంచి మొనాకో, గ్రీసు, టర్కీ, బ్రెజిల్, సెర్బియా, ఫిన్లాండ్, చివరికి స్వీడన్. దేశం తరఫున 17 మ్యాచ్‌లు, 2 గోల్స్. వేరే కుర్రాడెవరైనా ఇలా బతికితే మర్యాదగా మెచ్చుకునేవాళ్లం. జాతీయ జట్టు చొక్కా తొడిగాడు, వచ్చిన ఏడాదే లీగ్ కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు, ఖండాలు దాటి తన కాళ్ల మీద, అక్షరాలా తన కాళ్ల మీదే, సంపాదించుకు తిన్నాడు. కానీ ఈ కుర్రాణ్ని కొలిచింది పీలే కొలబద్దతో. అందుకే పాతికేళ్లు నిండేసరికి 'వృథా అయిపోయాడు పాపం' అని సంతాప సభలు పెట్టేశారు. వృథా అయింది ఆటగాడా, మన అంచనానా అని ఒక్కరూ అడగలేదు.

పోనీ, బుద్ధి వచ్చిందా అంటే అదీ లేదు. 2024 జూలై 17న ఫిలడెల్ఫియా యూనియన్ తరఫున కావన్ సల్లివన్ 14 సంవత్సరాల 293 రోజుల వయసులో బరిలోకి దిగాడు. లీగ్‌లో అతి పిన్న వయస్కుడిగా అడూ పేరిట ఇరవయ్యేళ్లుగా ఉన్న రికార్డు పదమూడు రోజుల తేడాతో బద్దలైంది. పెద్దయ్యాక మాంచెస్టర్ సిటీకి వెళ్లే ఏర్పాటు అప్పటికే జరిగిపోయింది. ఆ పిల్లాడు ఎంతవాడవుతాడో కన్నతల్లికి కూడా తెలియదు. అభిమానులకు మాత్రం 2034 ప్రపంచ కప్ సెమీఫైనల్లో ఎన్నో నిమిషంలో గోల్ కొడతాడో కూడా తెలుసు.

ఈ శాస్త్రంలో అన్నింటికన్నా లోతైనది బెంచి ప్రకరణం. కొలంబస్‌లోనో సియాటిల్‌లోనో వారం వారం ఆడి గోల్స్ కొట్టేవాడు 'లోకల్'. యూరప్‌లో పెద్ద క్లబ్ బెంచి మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నవాడు 'ప్రాసెస్‌లో ఉన్నాడు'. ఆడితే లోపాలు బయటపడతాయి, కూర్చుంటే పొటెన్షియల్ పదిలంగా ఉంటుంది. ఆ లెక్కన అమెరికా కనిపెట్టిన అత్యుత్తమ సాకర్ పొజిషన్ బెంచే. క్లింట్ డెంప్సీ 2013లో ఇంగ్లండ్ వదిలి సియాటిల్‌కు తిరిగొస్తే, ఇక అతని కథ ముగిసిందన్నవాళ్లు ఎందరో. ఆ 'ముగిసినవాడే' 2014 ప్రపంచ కప్‌లో ఘనా మీద ఆట మొదలైన అర నిమిషంలోనే గోల్ కొట్టాడు. టెక్సస్‌లోని నాకొగ్‌డోచెస్ అనే చిన్న ఊళ్లో పెరిగిన ఈ డెంప్సీని చిన్నప్పుడు ఎవరూ తదుపరి ఫలానా అనలేదు. డాలస్‌లో ప్రాక్టీసుకు ఇంట్లోవాళ్లు మూడేసి గంటలు కారులో తీసుకెళ్లేవాళ్లు. 2011-12 సీజన్‌లో ఫుల్‌హమ్ తరఫున అన్ని పోటీల్లో కలిపి 23 గోల్స్, దేశం తరఫున మొత్తం 57. జాతకం రాయనివాడికి జాతక దోషం కూడా అంటలేదు మరి.

ఆ 57 గోల్స్ రికార్డులో భాగస్వామి లాండన్ డోనోవన్. ప్రపంచ కప్పుల్లో అమెరికా పురుషుల తరఫున అయిదు గోల్స్ కొట్టినవాడు. 2010లో అల్జీరియా మీద ఆఖరి క్షణాల్లో గోల్ కొట్టి జట్టును నాకౌట్‌కు చేర్చినవాడు. అతని మీద అభిమానుల ఫిర్యాదు ఏమిటో తెలుసా? జర్మనీలో నిలదొక్కుకోలేక కాలిఫోర్నియాలో ఉండిపోయాడని. గోల్ ఎక్కడ కొట్టాడన్నది కాదు, ఇల్లు ఎక్కడ కట్టుకున్నాడన్నది వీళ్ల లెక్క. 2014లో కోచ్ యూర్గెన్ క్లిన్స్‌మన్ డోనోవన్‌ను పక్కనపెట్టి, బయర్న్ మ్యూనిక్ నీడలో పెరిగిన కుర్రాడు జూలియన్ గ్రీన్‌ను జట్టులోకి తీసుకున్నాడు. బెల్జియం మీద ఆ కుర్రాడు బరిలోకి దిగి తొలిసారి బంతిని తాకి గోల్ చేశాడు కూడా. ఇంకేం, భవిష్యత్తు వచ్చేసిందన్నారు. ఆ భవిష్యత్తు ఆ తర్వాత ఎక్కువ కాలం జర్మనీ రెండో డివిజన్‌లో నిజాయితీగా ఉద్యోగం చేసుకుంది. అందులో గ్రీన్ తప్పు ఇసుమంతైనా లేదు. ఒక్క తాకుడుకు పదేళ్ల జాతకం రాసినవాళ్లదే ఆ తప్పు.

ఇక ఫామ్ సంగతి. జోజీ ఆల్టిడోర్ హాలండ్‌లోని ఆల్క్‌మార్ జట్టుకు 2012-13లో మొత్తం 31 గోల్స్ కొట్టినప్పుడు మహా స్ట్రైకర్. సండర్లాండ్‌కు వెళ్లి ప్రీమియర్ లీగ్‌లో ఒకే ఒక్క గోల్ కొట్టినప్పుడు పనికిమాలినవాడు. టొరంటోకు వచ్చి 2017 లీగ్ ఫైనల్లో గోల్ కొట్టి కప్పు తెచ్చినప్పుడు 'ఇది చిన్న లీగ్ కదా'. మనిషి ఒకడే, కాళ్లు అవే. మారింది చుట్టూ ఉన్న జట్టు, బంతి అందించే చేతులు, కాదు కాదు, కాళ్లు. స్ట్రైకర్‌కు బంతి ఎవరో ఇవ్వాలన్న సంగతి ఈ పంచాంగంలో ఏ పుటలోనూ ఉండదు. రికార్డో పెపీ సంగతి చూడండి. 2021లో జాతీయ జట్టు తొలి మ్యాచ్‌లోనే హోండురాస్ మీద గోల్ కొట్టిన పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ని పల్లకీ ఎక్కించారు. జర్మనీలో ఆగ్స్‌బర్గ్‌కు వెళ్లి గోల్ కరువు పడగానే అదే పల్లకీ లోంచి దించేశారు. 2022 ప్రపంచ కప్ జట్టులో అతనికి చోటు దక్కలేదు. పంతొమ్మిదేళ్లకే పైకెక్కి, దిగి, 'మళ్లీ లేస్తాడా' అన్న చర్చకు కూడా పాత్రుడయ్యాడు.

జొవానీ రేనా పరిస్థితి మరీ విచిత్రం. పదిహేడేళ్లకు డార్ట్‌మండ్ తరఫున ఆడాడు, అప్పుడు పొటెన్షియల్. 2024లో నాటింగ్‌హమ్ ఫారెస్ట్‌కు లోన్ మీద వెళ్లాడు, అప్పుడూ పొటెన్షియల్. 2025లో మోన్షెన్‌గ్లాడ్‌బాక్ క్లబ్‌కు మారాడు, ఇప్పటికీ అదే. ఇలాగే సాగితే రిటైరయ్యే రోజు పూలదండ వేసి, 'మంచి భవిష్యత్తు ఉన్న ఆటగాడు' అని ప్రసంగించేట్టున్నారు.

పులిసిక్ దగ్గరికి వస్తే వీళ్ల లెక్క పూర్తిగా తలకిందులవుతుంది. ఎందుకంటే అతను నిజంగానే ఆడాడు. 2019లో చెల్సీ అతని కోసం డార్ట్‌మండ్‌కు 6.4 కోట్ల యూరోలు కట్టింది. 2021లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఆడిన తొలి అమెరికన్ పురుషుడు అతనే. 2022 ప్రపంచ కప్‌లో ఇరాన్ మీద గోల్ కొడుతూ గోల్‌కీపర్‌ను ఢీకొని ఆసుపత్రి పాలయ్యాడు. 2023లో మిలాన్ చేరి మొదటి సీజన్‌లోనే ఇటలీ లీగ్‌లో 12 గోల్స్. సామాన్యులైతే దీన్ని సాఫల్యం అంటారు. అభిమానులకు మాత్రం 'ఇంకా పై మెట్టు ఎక్కలేదు'. ఎక్కడుందా మెట్టు? పీలే దగ్గర కాబోలు. 2025 గోల్డ్ కప్‌కు విశ్రాంతి కావాలని దూరంగా ఉంటే అతని దేశభక్తి మీద కూడా మార్కులు వేశారు. ఇదే అభిమాన లోకం ఫిర్యాదు చేస్తూనే ఆరాధించే డోనోవన్ 2013 మొదట్లో ఆట ఆపేసి కంబోడియా వెళ్లొచ్చిన సంగతి చాలామందికి గుర్తు రాలేదు. గుర్తొచ్చినవాళ్లు కూడా 'అది వేరు' అన్నారు.

ఒక్కో ఆటగాడి జాతకం చుట్టూ ఇంత గోల జరిగేది ఎందుకు? జట్టు జాతకం చూడకుండా తప్పించుకోవడానికి. 2017 అక్టోబరు 10న కూవాలో ట్రినిడాడ్ మీద డ్రా చేసుకున్నా చాలు, ప్రపంచ కప్‌కు వెళ్లేవాళ్లు. అప్పటికే పోటీ నుంచి తప్పుకున్న జట్టు చేతిలో 2-1 తేడాతో ఓడి 2018 కప్‌కు దూరమయ్యారు. ఆ రోజు అమెరికా గోల్ కొట్టింది పందొమ్మిదేళ్ల పులిసిక్. స్వర్ణతరం అని పేరుపెట్టుకున్న జట్టు 2024 కోపా అమెరికాలో సొంత గడ్డ మీద పనామా చేతిలో ఓడి గ్రూపు దశలోనే ఇంటికొచ్చింది. ఇంటికొచ్చింది అనడం కూడా తప్పే, ఇంట్లోనే ఉండిపోయింది. కోచ్‌ను మార్చారు. చర్చ మళ్లీ ఎవరి పొటెన్షియల్ ఎంత అన్న దగ్గరికే వచ్చింది.

జట్టు అసలు జాతకం మొదలయ్యేది పిల్లల దగ్గర. ఆ దేశంలో పిల్లాడు మంచి క్లబ్‌లో సాకర్ నేర్చుకోవాలంటే చాలాచోట్ల తల్లిదండ్రులు ఏటా వేల డాలర్లు కట్టాలి. ప్రపంచంలో చాలామేరకు పేదల ఆట అయినది అక్కడ మధ్యతరగతి శివార్ల ఆటగా స్థిరపడింది. మన తెలుగువాళ్లకు ఇది తెలియని సంగతేమీ కాదు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో తెలుగు కుటుంబాలు బోలెడు. ఎఫ్‌సీ డాలస్ స్టేడియం ఉన్నదీ, దేశపు సాకర్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్నదీ అక్కడే. జాతీయ జట్టు ఆటగాళ్లు వెస్టన్ మెకెనీ, పెపీ ఎఫ్‌సీ డాలస్ అకాడమీలోనే తయారయ్యారు. శనివారం పొద్దున మైదానం గట్టు మీద మనవాళ్ల మాటలు కూడా వినిపిస్తాయి. "మావాడి ఎడమ కాలు చూశారా బావగారూ, ఏడేళ్లకే ఆ కంట్రోలు!" "ఊఁ, ఫీజు ఎంత కడుతున్నారేంటి?" "అదడక్కండి బావగారూ." ఆ మొత్తం గోలలో అసలైన ప్రశ్న వేసింది బావగారొక్కడే.

ఇంకో సంగతి. అమెరికా సాకర్ ప్రపంచ కప్ ఎప్పుడు గెలుస్తుందని బల్లలు గుద్దేవాళ్లకు ఒక చిన్న వార్త: 1991, 1999, 2015, 2019లలో గెలిచింది. ఒలింపిక్స్ స్వర్ణాలు 1996, 2004, 2008, 2012, 2024లలో తెచ్చింది. గెలిచింది ఆడవాళ్లు కాబట్టి లెక్కలోకి రాలేదేమో. 1972 నాటి చట్టం వల్ల కాలేజీలు ఆడపిల్లల ఆటలకు కూడా మైదానాలు, స్కాలర్‌షిప్పులు ఇవ్వక తప్పలేదు. వేల మంది ఆడారు, వాళ్లలోంచి ఛాంపియన్లు వచ్చారు. అటు మగవాళ్ల జట్టు అభిమానులు మాత్రం 1930లో సెమీస్ చేరిన దగ్గర్నుంచి అవతార పురుషుడి కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. మధ్యలో దక్కిన పెద్ద ఘనత 2002 క్వార్టర్‌ఫైనల్. మహిళలు వ్యవస్థ కట్టుకున్నారు, మగవాళ్ల అభిమానులు జాతకాలు కట్టుకున్నారు. ఏది పండిందో కప్పుల లెక్కే చెబుతుంది.

పొటెన్షియల్ అంచనా వేయడం అసలు తప్పే అనడం లేదు. చెల్సీ అంచనా వేసింది, 6.4 కోట్ల యూరోలు పెట్టింది. ఆగ్స్‌బర్గ్ వేసింది, దెబ్బ తింది. కోచ్‌లు వేస్తారు, తప్పితే ఉద్యోగం పోతుంది. అభిమాని ఒక్కడే నష్టభయం లేకుండా, పైసా పెట్టకుండా, రోజుకు పది జోస్యాలు చెప్పగల జీవి. కాబట్టి నాదొక విన్నపం. ఎవరైనా ఒక కుర్రాడి గురించి 'వీడు తదుపరి ఫలానా' అని ప్రకటిస్తే వంద డాలర్లు డిపాజిట్ కట్టాలి. 'వీడి పని అయిపోయింది' అన్నా వందే. అయిదేళ్ల తర్వాత జోస్యం ఫలిస్తే డబ్బు వాపసు. లేకపోతే ఆ సొమ్ముతో ఫీజు లేని సాకర్ మైదానాలు కట్టాలి. ఇదొక్కటి అమల్లోకి వస్తే అమెరికాలో ఫీజు కట్టలేని పిల్లాడంటూ ఉండడు, ఊరికో మైదానం, మైదానానికో కోచ్. అక్కణ్నుంచి వచ్చే ఆటగాళ్లలో ఒకడు నిజంగానే గొప్పవాడు కావచ్చు. ఆ రోజు మన సిద్ధాంతులంతా రొమ్ము విరుచుకుని 'వీడి పొటెన్షియల్‌కు పెట్టుబడి పెట్టింది మేమే' అని చెప్పుకోవచ్చు. జీవితంలో మొదటిసారి అది అబద్ధం కాదు.