మడమ ఆనిన చప్పుడు

నేను ఉషా కుట్టుమిషన్ని. 1984లో కలకత్తా ప్రిన్స్ అన్వర్‌షా రోడ్డులోని జే ఇంజనీరింగ్ వర్క్స్‌లో తయారయ్యాను. తెనాలి చేరాక దర్జీ మాస్టారి వరండా దాటి ఎక్కడికీ పోలేదు. ఆయన పనితనం గురించి బజారంతా చెప్పుకుంటుంది. నాకు మాత్రం ఆయన పాదాలు బాగా తెలుసు. కుడిది కొంచెం ముందు, ఎడమది వెనక. మడమ దిగితే మునివేళ్లు లేచేవి, మునివేళ్లు దిగితే మడమ లేచేది. ముప్పై ఏళ్లకు పైగా నా పెడలు మీద ఆ తూకం ఒక్కరోజు తప్పలేదు.

మూడేళ్ల కిందట, దసరా కుట్టు ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఒక పొద్దున ఎడమ పాదం పెడలు మీంచి జారిపోయింది. ఆయన తీసి మళ్లీ పెట్టారు. మళ్లీ జారింది. రాత్రంతా నిద్రలేదు కదా, అలసటేమో అని పడుకోబెట్టారు. ఎవరో వచ్చి నూనె రాశారు. మూతి వంకర పోయిందని గుర్తుపట్టి గుంటూరు తీసుకెళ్లేసరికి పొద్దుగూకింది. నెత్తురుగడ్డను కరిగించే ఇంజక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలట. మా ఇంట్లో ఆ గంటలు నా పక్కన చాప మీదే గడిచిపోయాయి. పక్షవాతమని నాకు నోరుంటే అరిచి చెప్పేదాన్ని.

ఇంటికొచ్చిన కొత్తలో ఎడమ కాలు తడిగుడ్డలా వేలాడింది. వారాలు గడిచేకొద్దీ బిగుసుకుంది. అందరూ బలం వస్తోందనుకుని సంతోషించారు. పిక్క రాయిలా అయింది. మడమ పైకి లాక్కుపోయి, పాదం లోపలికి తిరిగి, బొటనవేలు నేలను గీరడం మొదలైంది. అడుగు వెయ్యాలంటే కాలిని పక్కనుంచి అరచక్రంలా తిప్పి తేవాలి. సర్ర్... టప్. సర్ర్... టప్. వరండా గచ్చు మీద ఆ చప్పుడు రెండేళ్లు విన్నాను. ఆరు నెలలు దాటాక ఇంక వచ్చేదేమీ ఉండదని ఎవరో అన్నారు. ఆ ఒక్క మాటతో వ్యాయామం ఆగిపోయింది. ఆ మాట ఎంత చేటు చేసిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఒక సాయంత్రం ఆయన నా ముందు కూర్చుని, చేత్తో ఎత్తి ఎడమ పాదాన్ని పెడలు మీద పెట్టుకున్నారు. మునివేళ్లు తగిలాయో లేదో పాదం గడగడా కొట్టుకోసాగింది. పెడలు అదిరింది. నా సూది పైకీ కిందికీ ఆడింది. “ఏవండీ, కాలు కదుల్తోంది!” అంటూ అమ్మగారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చారు. కాని నా చక్రం తిరగలేదు. ముందుకీ వెనక్కీ ఊగిందంతే. అది తొక్కుడు కాదని నాకు తెలుసు. ఆయనకీ తెలిసింది. ఆపాలని చూసినా అది ఆగలేదు. చేత్తో మోకాలు నొక్కి, మడమ దించితేగాని నిలవలేదు. ఆ తర్వాత ఆర్నెల్లు నా మీద దుప్పటి కప్పి ఉంచారు.

దుప్పటి తీయించింది ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి. జాకెట్టు కుట్టించుకుందామని వచ్చింది. మాస్టారు గడప దాటుతుంటే ఆమె చూపు ఆ పాదం మీద పడింది. అడిగి, కింద కూర్చుని, పాదాన్ని చేతిలోకి తీసుకుంది. నెమ్మదిగా వంచితే వంగింది. గబుక్కున వంచితే సగంలో పట్టేసింది.

“ఇది బలం కాదు మాస్టారూ. మెదడు నుంచి దిగాల్సిన అదుపు తగ్గి కండరం తనంతట తానే బిగుస్తోంది. స్పాస్టిసిటీ అంటాం.”

“అంటే పైదారం బిగుతు ఎక్కువైనట్టా అమ్మా?”

“అచ్చంగా అదే!”

నాకు ఆ మాట మనసుకు పట్టింది. నా టెన్షన్ స్క్రూ ఒక చుట్టు ఎక్కువ తిరిగితే గుడ్డ ఎంత మంచిదైనా కుట్టు ముడుచుకుపోతుంది. కండెలోంచి దారం మెల్లగా లాగితే వస్తుంది, ఒక్క గుంజు గుంజితే పట్టేస్తుంది. కుట్టుపని చేసే మనిషికి ఆ జబ్బు అర్థం కావడానికి అంతకన్నా వేరే చెప్పక్కర్లేదు.

డాక్టరు ముందు బాక్లోఫెన్ మాత్రలిచ్చారు. అవి ఒళ్లంతటినీ వదులు చేసి మగత తెచ్చాయి. ఆయనకు నిలబడటానికి తొడలో కొంత బిగువు కావాలి, పిక్కలో మాత్రం తగ్గాలి. అందుకని బొటులినం ఇంజక్షన్ అన్నారు. ఖర్చెక్కువ. కూతురు చీటీ పాడి డబ్బు తెచ్చింది. ఆ మందు కథ ఆ పిల్లే నా బల్ల మీద మోచేతులు ఆనించి చదివి వినిపించింది. 1895లో బెల్జియంలోని ఎల్లెజెల్ అనే ఊళ్లో, ఒకరి అంత్యక్రియలకు వాయించడానికి వచ్చిన వాద్యగాళ్లు ఉప్పుమాంసం తిని జబ్బుపడ్డారు, ముగ్గురు చనిపోయారు. ఆ మాంసంలో వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన క్రిమి విషమే ఇది. నరం చివర నుంచి కండరానికి చేరే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అది ఆపుతుంది. కొలిచి, ఎంచిన కండరంలోనే పొడిస్తే అక్కడి పట్టు సడలుతుంది. “విషమా!” అని అమ్మగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

పది రోజుల్లో పిక్క మెత్తబడింది. మాస్టారు లేచి నడిచేస్తాననుకున్నారు. నడక మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఆ అమ్మాయి మొహమాటం లేకుండా చెప్పింది: “మందు పని మూడు నెలలే. అది మనకు గడువు ఇచ్చింది. ఈలోగా పాదానికి మళ్లీ పని నేర్పాలి.” నూనె పోసినంత మాత్రాన మూలనున్న మిషను నడవదని నాకన్నా ఎవరికి తెలుసు?

ఏటవాలు చెక్క చేయించారు. గోడకు వీపు ఆనించి పూటకు ఇరవై నిమిషాలు దాని మీద నిలబడటం, మడమ లేవకుండా. స్టూలు మీంచి చేతులానించకుండా లేవడం, బరువు ఎడమ కాలి మీద వేసి. గుడ్డ చుట్టలను దాటుకుంటూ అడుగులు. నడిచేటప్పుడు పాదం కింద ప్లాస్టిక్ పట్టీ. బలం పెంచే వ్యాయామం బిగుతును పెంచుతుందన్న పాత భయాన్ని ఆమె దగ్గరకు రానివ్వలేదు.

నా వంతూ వచ్చింది. బెల్టు తీయించింది. బెల్టు లేని పెడలు తేలిగ్గా ఊగుతుంది. మొదట్లో కుడి పాదమే తొక్కింది, ఎడమది దాని వెంట ఊరికే పోయింది. మూడో వారం, కుడి కాలు తీసేసి ఒక్క ఎడమ పాదమే ఉంచినప్పుడు, మడమ వైపు బరువు దిగింది. సన్నగా, ఒక్కసారి. నా ఇనుములో అది మోగింది. ఆయన ఏమీ అనలేదు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

నడకకు కొలత పెట్టింది కూడా ఆ అమ్మాయే. పది మీటర్లు కావాలంటే మాస్టారు తన టేపు తీశారు. అరవై అంగుళాల టేపు కదా, ఆరు టేపులూ ముప్పై నాలుగు అంగుళాలూ. రెండు చివరలా దర్జీ సుద్దతో గీత గీశారు. మొదటి రోజు నలభై ఒక్క సెకన్లు. సెకనుకు 0.4 మీటరు అందని నడక చాలావరకు గడప లోపలే ఆగిపోతుందని ఆమె అంది. రెండున్నర నెలలకు ఇరవై నాలుగు సెకన్లు పట్టింది. 0.4 దాటింది. ఆ సాయంత్రం ఆయన చేతికర్రతో వీధి మొగలో టీ బడ్డీదాకా వెళ్లొచ్చారు. చప్పుడు మారింది. ముందు మడమ ఆనుతోంది, తర్వాతే వేళ్లు.

నాలుగో నెలలో పిక్క మళ్లీ పట్టింది. ఇరవై ఆరు సెకన్లు. ఆయన ముఖం చిన్నబోయింది. “మొదటి రోజు ఎంత పట్టిందో గోడ మీద రాశారుగా, చూడండి,” అంది ఆ అమ్మాయి. వచ్చే నెల ఇంకో ఇంజక్షన్. చెక్క మీద నిలబడటం ఒక్క పూట కూడా మానలేదు.

నిన్న ఆయన నా ముందుకొచ్చి కూర్చున్నారు. ఎడమ చెయ్యి ఇంకా గుడ్డను సరిగా పట్టలేదు, అందుకని కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు. రెండు పాదాలూ పెడలు మీద పెట్టారు. కుడిది కొంచెం ముందు, ఎడమది వెనక.

“అమ్మాయ్, ఆ బెల్టు ఇలా తే. తగిలిద్దాం,” అన్నారు.