చెవులపిల్లికి కుట్లు పడ్డాక: టీకా తాత్పర్య సహితం

అవతారిక

వ్యాఖ్యాతలందరికీ పెద్దదిక్కు కొలచాల మల్లినాథ సూరి. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన మాట ఇచ్చి మరీ కాళిదాసు జోలికి వెళ్లాడు. ప్రస్తుత వ్యాఖ్యాతకు ఆ మాటలో మొదటి సగం నిలబెట్టుకోవడమే గగనం. పైగా ఇక్కడి విషయం రఘువంశం కాదు, శశవంశం.

ఆ వంశం పెరిగే తీరే ఈ పద్యానికి కారణం. కుందేళ్లను తరచూ జతగానే అమ్ముతారు. పిల్లలుగా ఉన్నప్పుడు ఆడా మగా పోల్చడం అలవాటున్నవాళ్లకే కష్టం, అమ్మేవాడి మాటే ప్రమాణం. ఆడకుందేలు చూలు సుమారు 31 రోజులు. ఈనిన రోజే మళ్లీ కట్టగలదు. సంక్రాంతికి నర్సీపట్నంలో ఓ పెరట్లోకి వచ్చిన రెండు కుందేళ్లు ఉగాది దాటేసరికి ఎన్నవుతాయో ఎక్కాల పుస్తకం చూసుకోవాలి. సంతానం సంగతి అటుంచినా, కొన్ని జాతుల్లో నాలుగేళ్లు దాటిన ఆడవాటిలో సగానికి పైగా గర్భాశయ కేన్సర్ కనిపించిందని పరిశోధనలున్నాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే మగవాటికి ఇల్లంతా మూత్రం చిమ్మడం, తోటిదాన్ని కరవడం తగ్గుతాయి. అందుకే ఆపరేషన్, అందుకే పద్యం.

మూలం

గడ్డి మాన్పవలదు కత్తికి మునుపైన
కుట్టు తడుపవలదు కొన్ని నాళ్ళు
పెంటికలను లెక్కపెట్టుము తెలవాఱ
తినకయున్న బండి తీయవలయు

ప్రతిపదార్థం

కత్తికి మునుపైన = శస్త్రచికిత్సకు ముందు సైతం; గడ్డి = గరిక మొదలైన మేతను; మాన్పవలదు = ఆపరాదు; కొన్ని నాళ్ళు = పది రోజుల పాటు; కుట్టు = కోసి కుట్టిన చోటును; తడుపవలదు = నీళ్లు తగలనీయరాదు; తెలవాఱ = తెల్లవారేసరికి; పెంటికలను = గుండ్రని ఎండు రెట్టలను; లెక్కపెట్టుము = ఎన్నో, ఎలాంటివో చూడుము; తినకయున్న = 12 గంటలు మేత ముట్టకపోతే; బండి = వాహనమును; తీయవలయు = బయటికి తీసి డాక్టరు దగ్గరికి పోవలయును.

తాత్పర్యం

ఇల్లాళ్లూ పిల్లలూ కుట్ల వైపు చూస్తారు. కవి చూపంతా పొట్ట మీద.

వ్యాఖ్య

మొదటి పాదానికి ఊళ్లో ఒక పాఠాంతరం ప్రచారంలో ఉంది: ‘గడ్డి మాన్పవలయు’ అని. ఇది కుక్కల, పిల్లుల తాళపత్రాల నుంచి జారిపడిన పాఠం. వాటికి ముందురోజు రాత్రి నుంచి తిండి ఆపేది మత్తులో వాంతి చేసుకుని ఊపిరితిత్తుల్లోకి పీల్చుకుంటాయన్న భయంతో. తర్కశాస్త్రంలో లేనిదానికి ఉదాహరణ కుందేటి కొమ్ము. పశువైద్యంలో అయితే కుందేటి వాంతి అని చెప్పుకోవచ్చు, ఎందుకంటే కుందేలు వాంతి చేసుకోలేదు. దాని పేగు ఎప్పుడూ కదులుతూ ఉండాలి, పస్తు పెడితే ఆ కదలికే ఆగుతుంది. నోట్లో మేత మిగలకూడదని డాక్టరు ఓ గంట ముందు ఆపమంటే అది వేరు. ఇంత చెప్పినా ‘ఆపరేషనంటే పరగడుపే’ అనే పెద్దమనిషి ప్రతి ఇంటా ఒకరుంటారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్న సామెత ఆయన కోసమే పుట్టింది.

‘గడ్డి’ అనగా గరిక అని గ్రహించాలి. పొలం గట్టు మీద దొరికేది చాలు, పురుగుమందు చల్లని గట్టు అయితే. వరిగడ్డిలో పస తక్కువ. కారట్ మిఠాయి కింద లెక్క, భోజనం కాదు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు రోజూ తినే గరికే ఒక కట్ట బోనులో పెట్టి తీసుకెళ్తే, మెలకువ రాగానే తెలిసిన వాసన తగులుతుంది.

రెండో పాదంలో ‘తడుపవలదు’ అన్నది ఉపలక్షణం. నీళ్లతో పాటు పసుపు, కొబ్బరినూనె, పౌడరు కూడా వద్దని అర్థం. ‘ఏటమ్మా, కుట్ల మీద పసుపు ఎట్టలేదా?’ అని పక్కింటి పిన్నిగారు గోడ మీంచి అడగడం ఖాయం. పెట్టకూడదు పిన్నిగారూ, కుందేలు నాకేస్తుంది, కుట్టు వదులవుతుంది. రంపపు పొట్టు తీసేసి, పాత పేపర్ల మీద మెత్తటి తువ్వాలు పరిస్తే చాలు. పొద్దునా సాయంత్రం కుట్టు చూడాలి: వాపు, చీము, తెరుచుకోవడం, ఈగ. వెనకభాగం తడిగా, మురికిగా ఉంటే ఈగలు గుడ్లు పెడతాయి, ఒక్క రోజులో పురుగులవుతాయి. ఎత్తేటప్పుడు చెవులపిల్లి అన్న పేరు చూసి చెవులు పట్టుకోరాదు. ఒక చెయ్యి ఎద కింద, ఒక చెయ్యి పిరుదుల కింద ఉండాలి. గాలిలో వెనకకాళ్లు విదిలిస్తే దాని వెన్నెముక అదే విరగ్గొట్టుకుంటుంది.

మూడో పాదంలోనే కవి ప్రతిభ. ఆపరేషన్ మర్నాడు తెల్లవారుజామున పేపరు మీదికి వంగి చూసినవాళ్లకే ఈ పాదం బోధపడుతుంది. బఠాణీ గింజంత గుండ్రని రెట్టలు, వేళ్ల మధ్య చిదిపితే పొడిగా గడ్డిపీచు కనిపిస్తే పేగు నడుస్తోంది. చిన్నవై, వంకరపోయి, వెంట్రుకలతో దండ గుచ్చినట్టు వస్తే నెమ్మదించింది. పేపరు ఖాళీగా ఉంటే భయపడాలి.

ఆక్షేపం: జిగురుగా గుత్తులు కట్టిన మరో రకం విసర్జన ఉంది కదా, కవి దాన్ని ఎందుకు లెక్కించమనలేదు? సమాధానం: అది లెక్కకు దొరకదు. కుందేలు దాన్ని నేరుగా నోటితో అందుకుని తినేస్తుంది. అందులో విటమిన్లు, మాంసకృత్తులు ఉంటాయి. కుట్లు కొరక్కుండా మెడకు గరాటు కడితే ఈ రెండో భోజనం అందదు. అందుకే నిజంగా కుట్లు పీకుతున్నప్పుడే గరాటు.

నాలుగో పాదంలో ‘తినకయున్న’ అనే మాట వెనక నొప్పి దాగి ఉంది. కుందేలు వేటకు దొరికే జాతి, బాధ పైకి చూపదు. ఒళ్లు ముడుచుకుని, కళ్లు సగం మూసి, పళ్లు గట్టిగా నూరుతూ మూల చేరుతుంది. నొప్పితో మేత మానితే పేగు ఆగుతుంది, పేగు ఆగితే నొప్పి పెరుగుతుంది. కాబట్టి డాక్టరు రాసిన మెలోక్సికాం చుక్కలు కుట్టుకు ఎంత మందో పొట్టకూ అంత మందు. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ మాత్రం నోట్లో వేయరాదు. పేగులో ఉండాల్సిన సూక్ష్మజీవులను చంపి, కుందేలునూ చంపగలదు.

‘బండి’ అనగా రైలని కొందరు. ఆ అర్థం పొసగదు: నర్సీపట్నం రోడ్ స్టేషన్ నర్సీపట్నంలో లేదు. సంచార పశువైద్య వాహనమని మరికొందరు. 1962కు ఫోన్ చేస్తే వచ్చే ఆ బండ్లు 2022లో రాష్ట్రమంతటా మొదలయ్యాయి. ఆవులకు, గేదెలకు అవి కొండంత అండ. కానీ కుందేలుకు మత్తివ్వడం వేరే విద్య. అది వచ్చిన డాక్టరు కోసం విశాఖ వెళ్లాల్సి వస్తే తాళ్లపాలెం మీదుగా సుమారు 80 కిలోమీటర్లు. అందుచేత ఇక్కడ బండి అంటే సొంతమో అద్దెదో కారు అనే ప్రామాణికార్థం. ఎండెక్కకముందే బయల్దేరాలి. వెళ్లకముందే ఫోనులో ‘ఇదివరకు కుందేళ్లకు ఆపరేషన్ చేశారా?’ అని అడగాలి, రాత్రివేళ ఎవరికి ఫోన్ చేయాలో రాసుకోవాలి. తిరుగు ప్రయాణంలో మత్తు పూర్తిగా దిగక ఒళ్లు చల్లబడుతుంది. చెవులు చల్లగా తగిలితే తువ్వాలు కప్పాలి, ఏసీ కట్టేయాలి. ఇంటికొచ్చాక మే నెల అయితే కథ తిరగబడుతుంది: 30 డిగ్రీలు దాటిన గదిలో దానికి వడదెబ్బ భయమే.

కవి విడిచిన రసం

పద్యంలో శృంగారం లేదు, కానీ ఉండాల్సింది. మగదానికి ఆపరేషన్ అయిన నాలుగు నుంచి ఆరు వారాల దాకా లోపల మిగిలిన వీర్యంతో పిల్లలు పుట్టించగలదు. ఆపరేషన్ కాని ఆడదాని నుంచి అన్నాళ్లూ వేరుగా ఉంచాలి. ఆలంకారికుల భాషలో ఇది విప్రలంభం. రెండు బోన్ల మధ్య జాలీ ఉంటే వాసన మరిచిపోవు, మళ్లీ కలిపిన రోజున కొట్లాట తగ్గుతుంది.

గద్య

ఇది శ్రీమన్నర్సీపట్టణ పురవాస్తవ్య, గరికకట్టాలంకృత హస్త, పెంటికా గణన పారీణ నామధేయ రహిత వ్యాఖ్యాతృ ప్రణీతంబైన శశకోపచార పద్య వ్యాఖ్యయందు ప్రథమ పద్యము సమాప్తము. ద్వితీయ పద్యం పదో రోజున, కుట్లు చూపించుకుని వచ్చాక.