ఆళ్లగడ్డలో ముప్పై తొమ్మిది

మా మేనల్లుడు సీఏ ఇంటర్ మొదటి గ్రూపు రాశాడు. అకౌంటింగులో 72, ట్యాక్సులో 68, లాలో 39. కూడితే 179. రిజల్టు: ఫెయిల్.

సంజీవనగర్‌లో ఉండే వాడి స్నేహితుడికి 40, 55, 55. కూడితే 150. రిజల్టు: పాస్. సాయంత్రానికి వాళ్లింటి మైసూర్‌పాకు మా అక్కావాళ్లింటికి వచ్చింది. 179 మార్కులవాడు 150 మార్కులవాడి స్వీటు నోట్లో పెట్టుకుని మింగలేక కూర్చున్నాడు.

మా బావకు నంద్యాలలో బియ్యం వ్యాపారం. తూకం తెలిసిన మనిషి. "ఏం బామ్మర్దీ, 29 ఎక్కువొచ్చినోడు ఫెయిలు, తక్కువొచ్చినోడు పాసా? అకౌంట్ల పరీక్ష పెట్టేటోళ్లకు కూడికలు రావా?" అన్నాడు.

కూడికలు వాళ్లకు బాగానే వచ్చు. 1949 జులై 1న పుట్టిన సీఏ ఇన్‌స్టిట్యూట్, దేశంలోని కంపెనీల లెక్కలకు సంతకం పెట్టేవాళ్లను తయారు చేసే సంస్థ. రూలేమిటంటే, ప్రతి పేపర్లోనూ 40 రావాలి, గ్రూపు మొత్తంలో సగం రావాలి. మూడు పేపర్లకు 150. ఈ రెండింటిలో ఏది తప్పినా ఇంటికే. మూడుసార్లు చెప్పాను. బావకు ఎక్కలేదు.

నంద్యాలలో ఏ సంగతైనా ఎన్నికల భాషలో చెప్పాలి. నాకది ఆలస్యంగా గుర్తొచ్చింది.

"బావా, మన పార్లమెంటు కింద ఏడు సెగ్మెంట్లు. ఆళ్లగడ్డ, శ్రీశైలం, నందికొట్కూరు, పాణ్యం, నంద్యాల, బనగానపల్లె, డోన్. ఇన్‌స్టిట్యూటోళ్లు ఓట్లు లెక్కబెడితే, ప్రతి సెగ్మెంటులోనూ నూటికి 40 రావాలి, ఏడింట్లో కలిపి 50 రావాలి. డోన్‌లో 80, పాణ్యంలో 75 వచ్చి ఆళ్లగడ్డలో మాత్రం 39 వచ్చిందనుకో. ఎంపీ లేడు, గింపీ లేడు. మళ్లీ నామినేషనే."

బావ కాసేపు నోరు తెరిచి చూశాడు. "అట్లయితే ఢిల్లీలో పార్లమెంటు తాళం తీసేటందుకు గూడా మనిషుండడు గదప్పా!" అన్నాడు.

నిజమే. మన ప్రజాస్వామ్యంలో ఆరోవంతు ఓట్లకు మించి వస్తే డిపాజిట్ దక్కుతుంది, పక్కవాడి కంటే ఒక్క ఓటు ఎక్కువొస్తే పదవే దక్కుతుంది. దేశాన్ని నడిపేవాడికి అది చాలు. ఆ దేశంలో కంపెనీల పద్దు చూసేవాడికి మాత్రం చాలదు. 1991 ఉపఎన్నికలో ఇదే నంద్యాలలో 5.8 లక్షల మెజారిటీతో గెలిచిన పి.వి. నరసింహారావుగారొక్కరే ఈ పద్ధతిలోనూ మొదటి అటెంప్టుకే గట్టెక్కేవారనుకుంటాను.

సీఏ పరీక్షలో పొత్తులూ ఉన్నాయి. రెండు గ్రూపులూ కలిపి రాస్తే, ఒకదాంట్లో 140 వచ్చినా రెండోదాంట్లో 160 ఉంటే రెండూ పాసే. ఓటు బదిలీ అన్నమాట. అయితే ఏ పేపర్లోనూ 40 కంటే దిగకూడదు. ఆళ్లగడ్డ బాధ పొత్తులోనూ తప్పదు.

60 గానీ ఆపైన గానీ వచ్చిన పేపర్లు మూడు అటెంప్టుల దాకా మళ్లీ రాయక్కర్లేదు, ఆ మార్కులు లెక్కలో ఉంటాయి. కనక మావాడు రాయాల్సింది లా ఒక్కటే, తెచ్చుకోవాల్సింది 40. ఆ మూడూ దాటిపోతే మినహాయింపును శాశ్వతం చేయమని అర్జీ పెట్టుకోవచ్చు. అప్పుడు మిగిలిన పేపరుకు 40 చాలదు, 50 కావాలి. నోటు తిరగరాస్తే వడ్డీ పెరగడం బావకు చెప్పకుండానే అర్థమైంది.

ఇంతలో బంధువులు రానే వచ్చారు. 2024 నవంబరు సీఏ ఫైనల్లో 600కి 508 తెచ్చుకుని దేశంలో మొదటి ర్యాంకు పంచుకున్న ఇద్దరిలో ఒకరిది తిరుపతి, ఇంకొకరిది హైదరాబాద్. "తిరుపతి పిల్లోనికి వచ్చింది, వీనికేం రోగం?" అని ఒకాయన. ఆ పరీక్షలో రెండు గ్రూపులూ కలిపి రాసినవాళ్లలో గట్టెక్కింది నూటికి 13.44 మందే అని ఆయనకెవరూ చెప్పలేదు. అమెరికాలో కూతురున్న ఇంకొకావిడ అక్కడి సీపీఏ పరీక్ష గొప్ప చెప్పింది: 75 వస్తే పాసట, ఎంత సులువో అని. ఆ 75 నూటికి 75 కాదమ్మా, ప్రశ్నల కష్టసుఖాలను బట్టి మార్కును వేరే కొలబద్దలోకి మార్చి ఇస్తారు అన్నాను. ఆవిడ మైసూర్‌పాకు తీసుకుంది.

ఆళ్లగడ్డలో మా చిన్నాయన రాతి విగ్రహాలు చెక్కుతాడు. ఫోన్లో ఒక్క ముక్క చెప్పగానే ఆయనకు అంతా తెలిసిపోయింది.

"బొటనవేలు ఇరిగిన నరసింహస్వామిని ఏ గుళ్లో నిలబెడతార్రా అబ్బోడా? రాయి ఎంత బరువుంటే ఏం?"

ఈ రూలుకు ఇంతకంటే మంచి వకీలు దొరకడు. పన్నులు తెలిసి చట్టం తెలియని ఆడిటరుకు నా పద్దులు నేనైనా ఇవ్వను. కానీ చిన్నాయన అంతటితో ఆగలేదు.

"సరే, ఇరిగింది యాడో చూపిస్తారు గదా?"

అక్కడ నేను నీళ్లు నమిలాను. వెరిఫికేషన్ పెట్టుకోవచ్చు. కూడిక సరిగా ఉందా, దిద్దకుండా వదిలేసిన జవాబుందా, అంతవరకే చూస్తారు. మళ్లీ దిద్దరు. జవాబు పత్రం నకలు తెప్పించుకోవచ్చు. అందులో రెండు, ఒకటిన్నర, సున్నా అని అంకెలుంటాయి, ఎందుకన్నది ఉండదు. దిద్దేవాళ్లకిచ్చిన సూచనలు బయటపెట్టక్కర్లేదని 2011లో సుప్రీంకోర్టే చెప్పింది. ఒక పేపర్లో అందరి మార్కులూ సవరించే అధికారం ఇన్‌స్టిట్యూట్ కౌన్సిల్‌కుంది. అది వరం, హక్కు కాదు.

"అంటే వేలు ఇరిగిందంటారు, యా వేలో చెప్పరు" అన్నాడు చిన్నాయన. ఫోన్లో ఉలి చప్పుడు మళ్లీ మొదలైంది.

సీఏ ఇంటర్ ఇప్పుడు ఏడాదికి మూడుసార్లు: జనవరి, మే, సెప్టెంబరు. మావాడు సెప్టెంబరుకు ఫారం కట్టాడు. రిజల్టు రోజున ఫోన్ చేసే బంధుమిత్రులకు ఒక్క మనవి. మొత్తం ఎన్నొచ్చాయని అడక్కండి. ఆళ్లగడ్డలో ఎన్నొచ్చాయో అడగండి.