భగీరథుడికి ఆయకట్టు ఎంత?

జగన్మోహన్ రెడ్డిని అర్థం చేసుకోవాలంటే మహాభారతం తెలిసుండాలి, ఢిల్లీ సుల్తానుల చరిత్ర తెలిసుండాలి, కొలంబియా మత్తుమందు ముఠాల కథ తెలిసుండాలి. పులివెందుల తెలియకపోయినా ఫర్వాలేదు. ఆయన తండ్రి రాజశేఖర రెడ్డికైతే బాలకాండ చాలు. గంగావతరణం ఘట్టం చదివి పుస్తకం మూసెయ్యొచ్చు. చంద్రబాబు నాయుడి దగ్గరికొస్తే సింగపూరు లీ క్వాన్ యూ, మొగలాయి ఔరంగజేబు, రజనీకాంత్ సినిమాలోని చంద్రముఖి ముగ్గురినీ ఒకే మనిషిలో సర్దుకోవాలి. అది మీ ఓపిక.

కర్నూలు, కడప జిల్లాల్లో రాజకీయం మాట్లాడే మర్యాద ఇది. ఒక మనిషి పేరెత్తితే వెంటనే ఇంకో మనిషి పేరు చెప్పాలి. ‘ఆయప్ప ఏం చేసినాడప్పా?’ అని అడిగామనుకోండి, ‘ఏం చేసినాడా? అపర భగీరథుడు!’ అంటారు. ఎదుటి అరుగు మీదున్నవాడు ‘ఉత్త తుగ్లక్ గదప్పా!’ అంటాడు. ఇద్దరూ జవాబు చెప్పేశామనే అనుకుంటారు. అడిగినవాడు కూడా తల ఊపి టీ తాగేసి పోతాడు. ఫ్లెక్సీ కొట్టేవాడి కంప్యూటర్లో విల్లు, సుదర్శన చక్రం, సింహం, కిరీటం ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ముఖం మార్చుకుంటే చాలు. నిన్న ఒక పార్టీ నాయకుడి వెనక గర్జించిన సింహమే రేపు ఇంకో పార్టీ నాయకుడి వెనక గర్జిస్తుంది. దానికి మాత్రం ఫిరాయింపుల చట్టం వర్తించదు.

ముందు భగీరథుడి సంగతి చూద్దాం, ఈ ఎండు నేలలో ఎక్కువ గిరాకీ ఆయనకే. రాజశేఖర రెడ్డి 2004లో ముఖ్యమంత్రి అయ్యాక జలయజ్ఞం మొదలుపెట్టాడు. శ్రీశైలం జలాశయం పక్కన పోతిరెడ్డిపాడు తూముల సామర్థ్యాన్ని 11 వేల క్యూసెక్కుల నుంచి 44 వేల క్యూసెక్కులకు పెంచే పని 2005లో తలకెత్తుకున్నాడు. తెలంగాణలో గగ్గోలు పుట్టింది. సొంత పార్టీలో పి. జనార్దన రెడ్డి లాంటివాళ్లే ఎదురు తిరిగారు. కృష్ణా డెల్టా రైతులు కూడా మొహం ముడిచారు. ఒకే తూము, ఇటు నిలబడి చూస్తే భగీరథుడు, అటు నిలబడి చూస్తే నీళ్ల దొంగ. ఆ మనిషి గురించి ఈ రెండు మాటలూ ఏమీ చెప్పవు. చెప్పినవాడు ఏ ఒడ్డున నిలబడ్డాడో మాత్రం చెబుతాయి.

అసలు భగీరథుడు గంగను ఎందుకు తెచ్చాడు? కపిల మహర్షి కోపానికి బూడిదైన 60 వేల మంది పూర్వీకులకు సద్గతి కోసం తెచ్చాడు. ఎకరా వేరుశనగ తడవలేదు. ఆయన ప్రాజెక్టుకు ఆయకట్టు సున్నా. అది అచ్చంగా కర్మకాండల పథకం. ఇంకో చిన్న సంగతి, దారిలో జహ్ను మహర్షి గంగను మొత్తం తాగేశాడు. కాలువ పనుల టెండర్లు చూసినవారికి ఈ ఒక్క ఘట్టం కొంత సరిపోతుందనిపిస్తే అది వాల్మీకి తప్పు కాదు. మా రైతుకు కావలసిన సమాచారం వేరే ఉంది. శ్రీశైలంలో మట్టం 854 అడుగులకు తగ్గకుండా ఎన్నాళ్లు ఉంటుంది? తూములు వెడల్పయ్యాక కింద కాలువ అంతే వెడల్పయిందా? పిల్ల కాలువలు తవ్వారా? ఈ ప్రశ్నలు వేస్తే ‘భగీరథుణ్ణే లెక్క అడుగుతావా’ అని కళ్లెర్రజేస్తారు. నిజమే, గంగావతరణానికి ఎవరూ డీపీఆర్ అడగలేదు.

పోలిక ఎంత చవకగా దొరుకుతుందో ఒకటి తయారుచేసి చూపిస్తాను. థామస్ మన్రో 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల ప్రధాన కలెక్టరు. డేరాలు వేసుకుని ఊరూరా తిరిగాడు, పాలెగాళ్లను అణిచాడు, రైత్వారీ పద్ధతిని పాతుకునేలా చేశాడు. అతని పేరు పిల్లలకు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు, పాలెగాళ్ల ఇళ్లల్లో అతని పేరు చెబితే ఉమ్మేసినవాళ్లూ ఉండే ఉంటారు. తర్వాత మద్రాసు గవర్నరై, పర్యటనలో ఉండగా 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. రాజశేఖర రెడ్డి 2003లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచాడు, ఊరూరా జనాన్ని పలకరించాడు, 2009 సెప్టెంబరు 2న పర్యటనకు వెళుతూ నల్లమలలో పావురాలగుట్ట దగ్గర హెలికాప్టరు కూలి చనిపోయాడు. ఇద్దరూ తిరిగినవాళ్లే, ఇద్దరూ పాలిస్తూ పోయినవాళ్లే, ఇద్దరి ఆఖరి ఊపిరీ కర్నూలు జిల్లా నేల మీదే. పై వాక్యాల్లో అబద్ధం లేదు. ఇంకాస్త సాగదీస్తే పుస్తకమవుతుంది, ఆవిష్కరణ సభకు ఇద్దరు ఎమ్మెల్యేలూ వస్తారు. కానీ రాజశేఖర రెడ్డిని గురించి కొత్తగా ఏం తెలిసింది? పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక పత్తికొండ కర్నూలులో మిగిలింది, పావురాలగుట్ట నంద్యాల జిల్లాలోకి పోయింది. ఒక్క గెజిట్ నోటిఫికేషనుకే నా పోలిక రెండు ముక్కలయింది.

ఇక తుగ్లక్. 2019 డిసెంబరు 17న జగన్ శాసనసభలో మూడు రాజధానుల మాట చెప్పి, కర్నూలుకు హైకోర్టు అన్నాడు. వెంటనే ప్రతిపక్షం తుగ్లక్ అంది. 1327 ప్రాంతంలో ఢిల్లీ నుంచి దౌలతాబాదుకు రాజధాని మార్చిన మహమ్మద్ బిన్ తుగ్లక్ అన్నమాట. కర్నూలులో కూర్చుని విన్నవాళ్లకు ఇందులో ఒక తిరకాసు కనిపించింది. 1937 నాటి శ్రీబాగ్ ఒప్పందం రాజధానో హైకోర్టో సీమ కోరుకోవచ్చంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టినప్పుడు కర్నూలు రాజధాని, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. కచేరీలు డేరాల్లో నడిచాయి. మూడేళ్లు తిరిగాక 1956 నవంబరు 1న ఆ డేరాలు పీకి రాజధానిని హైదరాబాదుకు మోసుకెళ్లారు. అప్పుడెవరూ తుగ్లక్ పేరెత్తలేదు. రాజధాని కర్నూలు నుంచి పోతే చరిత్ర, కర్నూలుకు ఏదైనా వస్తానంటే తుగ్లక్కా అని కొండారెడ్డి బురుజు కింద కూర్చున్నవాడు అడిగితే ఏం చెబుతాం?

అయితే ఈ వాదం చేసే వైఎస్సార్ అభిమానికి కూడా ఒక మాట. తుగ్లక్‌తో పోల్చడం నిజానికి జగన్‌కు అన్యాయం కాదు, తుగ్లక్‌కు అన్యాయం. ఆయన అనుకున్నాడు, మార్చాడు. మంచో చెడో జనం నడిచారు. మన మూడు రాజధానుల చట్టాన్ని 2021 నవంబరులో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. కర్నూలుకు లోకాయుక్త, మానవ హక్కుల కమిషన్ ఆఫీసులు వచ్చాయి, అయిదేళ్లు ముగిసేసరికి హైకోర్టు అమరావతిలోనే ఉంది. 2024 నవంబరులో కొత్త సభ కర్నూలుకు హైకోర్టు బెంచి కావాలని తీర్మానం చేసింది. తీర్మానం చేసిన వాళ్లను దేనితో పోల్చాలన్నది ఇంకా ఖరారు కాలేదు.

మహాభారతం దగ్గరికొస్తే మనవాళ్ల ప్రతిభ పూర్తిగా వికసిస్తుంది. 2021 నవంబరు 19న చంద్రబాబు శాసనసభను కౌరవ సభ అని, ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని శపథం చేసి బయటికి నడిచాడు. 2024 జనవరిలో భీమిలి సిద్ధం సభలో జగన్ తాను పద్మవ్యూహంలో చిక్కే అభిమన్యుణ్ణి కాదని, అర్జునుణ్ణని చెప్పుకున్నాడు. జూన్ 4న ఓట్లు లెక్కపెట్టారు. 2019లో 175కు 151 గెలిచిన పార్టీకి 11 వచ్చాయి. నెల తిరక్కుండానే అదే భవనం, అవే కుర్చీలు, కౌరవ సభ కాస్తా గౌరవ సభయింది. వాస్తు మార్చినట్టు కూడా వినలేదు. ఇప్పుడు లెక్క చూడండి. కురుక్షేత్రంలో కౌరవుల సైన్యం 11 అక్షౌహిణులు. కాబట్టి ఫలానా పార్టీ కౌరవులే అని తెలుగుదేశం వీరాభిమాని నిరూపించవచ్చు. తొందరపడకండి. ఆ 11లో రాయలసీమ నుంచి వచ్చినవి 7. పాండవుల సైన్యం 7 అక్షౌహిణులు. కాబట్టి సీమలో మాత్రం వాళ్లు పాండవులే అని వైఎస్సార్ వీరాభిమాని నిరూపించవచ్చు. వ్యాసుడు ఇద్దరికీ సరిపడా రాసిపెట్టి పోయాడు. పాత కడప జిల్లాలో 10కి 10 ఉన్న పార్టీ 3కు, పాత కర్నూలు జిల్లాలో 14కు 14 ఉన్నది 2కు ఎందుకు పడిపోయిందో మాత్రం పద్దెనిమిది పర్వాల్లో ఎక్కడా లేదు. దానికి ఆలూరు, ఆళ్లగడ్డ, మైదుకూరు తిరగాలి. ఎండ ఎక్కువ.

2024 జులై 25న శాసనసభలో ముఖ్యమంత్రి చంద్రబాబు ఇంకాస్త దూరం వెళ్లి జగన్‌ను పాబ్లో ఎస్కోబార్‌తో పోల్చాడు. వెబ్ సిరీస్‌లు చూసే కుర్రాళ్లకు అర్థమైంది. వేంపల్లెలో అరుగు మీదున్న పెద్దాయన ‘ఆయప్పది ఏ మండలం నాయనా?’ అని మనవణ్ణి అడిగితే తప్పేముంది? ఎస్కోబార్ 1982లో కొలంబియా ప్రతినిధుల సభకు ప్రత్యామ్నాయ సభ్యుడిగా ఎన్నికైనవాడు, 1993లో పోలీసుల కాల్పుల్లో చచ్చినవాడు. ఒక మాజీ ముఖ్యమంత్రి మీద నేరారోపణ ఉంటే దానికి మన దగ్గర ఎఫ్ఐఆర్, చార్జిషీటు, కోర్టు, సాక్షులు ఉన్నారు. ఆ దారి నిదానం. ఎస్కోబార్ అన్నామంటే తీర్పు కూడా అందులోనే వచ్చేస్తుంది.

జగన్ తక్కువ తిన్నాడా? 2024 ప్రచారంలో ఊరూరా, చంద్రబాబుకు ఓటేస్తే చంద్రముఖి నిద్ర లేస్తుందన్నాడు. ఆ సినిమా ఎవరైనా చివరిదాకా చూశారా? అందులో చంద్రముఖి రాజు చేతిలో అన్యాయమైపోయిన నాట్యకత్తె. ఆవిడ పూనిందనుకున్న అమ్మాయికి ఉన్నది మనసు జబ్బు. కథ నడిపించేది మానసిక వైద్యుడు. పోలికను నిజంగా పట్టుకుంటే ఓటరు చేయవలసింది ఓటు ఆపడం కాదు, వైద్యం చేయించడం. ఆ దుర్మార్గపు రాజు ఎవరన్న ప్రశ్న కూడా వస్తుంది. పోలిక తెచ్చినవాళ్లు అంతదూరం రానివ్వరు.

బళ్లో చదువుకున్న అలంకారం గుర్తుందా? ఉపమకు నాలుగు అంగాలు: ఉపమేయం, ఉపమానం, ఉపమావాచకం, సమానధర్మం. నాలుగూ ఉంటే పూర్ణోపమ, ఒకటి లోపిస్తే లుప్తోపమ. మన రాజకీయాల్లో ఉన్నవన్నీ లుప్తోపమలే, ప్రతిసారీ లోపించేది సమానధర్మమే. దేంట్లో సమానం అని అడిగేలోపు మైకు ఇంకొకరి చేతికి పోతుంది. ప్లూటార్క్ అనే గ్రీకు రచయిత కూడా గ్రీకు వీరుణ్ణీ రోమను వీరుణ్ణీ జతచేసి పోల్చాడు. కాకపోతే ముందు ఒకరి జీవితం పూర్తిగా రాసి, తర్వాత రెండోవారి జీవితం పూర్తిగా రాసి, ఆ తర్వాత చాలా జతలకు రెండు పేజీల పోలిక రాశాడు. మనం ఆ రెండు పేజీల నుంచి మొదలుపెట్టి అక్కడే ముగిస్తాం.

కోస్తా, హైదరాబాదు స్టూడియోలకు ఈ మాత్రం శ్రమ కూడా లేదు. 1999లో ‘సమరసింహా రెడ్డి’ వచ్చినప్పటి నుంచి సీమ నాయకుడు ఎవరైనా వాళ్లకు ఫ్యాక్షనిస్టే, కాస్త చదువుకున్న యాంకరయితే పాలెగాడు. సుమోలు లేస్తాయి, కర్నూలు బురుజు కనిపిస్తుంది, విశ్లేషణ అయిపోతుంది. కర్నూలు పక్కన పెద్దపాడులో పుట్టి 1960లో ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య కూడా సీమ నాయకుడే. దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి, చేతికి ఆస్తి అంటకుండా పోయినవాడు. ‘అపర సంజీవయ్య’ అని ఎవరూ ఫ్లెక్సీ వేయించుకోరు. వేయించుకుంటే కింద ఎన్నికల అఫిడవిట్టు కూడా అంటించమంటారు. అర్జునుడికీ భగీరథుడికీ ఆ బాధ లేదు, వాళ్ల ఆస్తుల ప్రకటన ఎవరి దగ్గరా లేదు.

అందుకే ఈ పోలికల వల్ల నాయకుడికి వచ్చే నష్టమేమీ లేదు, తిట్టే పోలికైనా సరే. దుర్యోధనుణ్ణి కాలువ పూడిక గురించి ఎవరూ అడగరు.

నాకు మాత్రం సమానధర్మం ఉన్న పోలిక ఒకటి జమ్మలమడుగు నియోజకవర్గంలో దొరికింది. 2007లో రాజశేఖర రెడ్డి అక్కడ బ్రహ్మణి స్టీల్స్‌కు శంకుస్థాపన చేశాడు. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలు, కడప జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమో కాదో ఆరు నెలల్లో చూడమని సెయిల్‌కు చెప్పింది. 2018 డిసెంబరు 27న చంద్రబాబు కంబాలదిన్నె దగ్గర పలక పాతాడు. 2019 డిసెంబరు 23న జగన్ సున్నపురాళ్లపల్లె దగ్గర పలక పాతాడు. 2023 ఫిబ్రవరి 15న అదే సున్నపురాళ్లపల్లెలో జిందాల్‌ను పక్కన నిలబెట్టుకుని మళ్లీ భూమిపూజ చేశాడు. 16 ఏళ్లు, ముగ్గురు ముఖ్యమంత్రులు, నాలుగు కొబ్బరికాయలు. భగీరథుడు, చంద్రముఖి, అర్జునుడు అందరూ ఒకే నియోజకవర్గంలో ఒకే పని చేశారు. ఆ 16 ఏళ్లలో అక్కడి నుంచి ఒక్క ఇనుప కడ్డీ లారీ ఎక్కలేదు. ఇంకొక్క పలక పడితే పంచపాండవులవుతారు. ఫ్లెక్సీకి కూడా బాగుంటుంది.