తాబేలు మజూరీ

ఒక ఔన్సు వెండి అంటే 31.1 గ్రాములు. వెండి కొట్లో అయితే ఆ రోజు రేటు అడుగుతాం, తరుగు దగ్గర సేటుతో పేచీ పెట్టుకుంటాం, మజూరీ తగ్గించకపోతే లేచి వెళ్లిపోతున్నట్టు నటిస్తాం. అదే ఔన్సు మీద ఒక తాబేలును అచ్చుకొట్టి, అంచున ‘నియూ’ అని ఒక దేశం పేరు రాస్తే మాత్రం నోరు పెగలదు. అడిగినంతా ఇచ్చి తెచ్చుకుంటాం. మనం కొన్నది వెండి కాదట, సముద్ర జీవులకు చేసిన సత్కారమట. సత్కారానికి మజూరీ ఎంతని అడగడం మర్యాద కాదు కదా.

నియూ దక్షిణ పసిఫిక్‌లో, టోంగాకు తూర్పున ఉంది. సముద్రంలోంచి పైకి లేచిన పగడపు దిబ్బ. విస్తీర్ణం సుమారు 260 చదరపు కిలోమీటర్లు, జనం రెండు వేల లోపే. 1974 నుంచి పాలన సొంతం, డబ్బు మాత్రం న్యూజీలాండ్ డాలరు. టంకశాల లేదు. ఆ దేశం పేరు మోసే నాణేలు ఆక్లాండ్‌లోని ఒక ప్రైవేటు టంకశాలలోనో, పోలండ్‌లోనో తయారై, ద్వీపం నేల తొక్కకుండానే ఖండాలు దాటిపోతాయి. తాబేలు నయం, అప్పుడప్పుడైనా ఆ నీళ్లలో తల పైకెత్తుతుంది.

డేగముక్కు లాంటి మూతి ఉన్న హాక్స్‌బిల్ తాబేలు ఈ వెండి మీదికి 2014లో ఎక్కింది. అంతకుముందే ఆ గౌరవం ఎవరెవరికి దక్కిందో చూడండి. 2001లో కార్టూన్ జీవి పికాచు. 2011లో దార్త్ వేడర్‌తో సహా స్టార్ వార్స్ సినిమాల బృందం. దార్త్ వేడర్ ఏ పగడపు దిబ్బలో గుడ్లు పెడతాడో, పికాచు జాతి ఏ వలల్లో చిక్కి తరిగిపోతోందో ఎవరూ అడగలేదు. అమ్మేవాడికి అందరూ ఒకటే, అందరికీ అభిమానులున్నారు. ఒక్క తేడా ఉంది. పికాచు బొమ్మ వాడుకుంటే హక్కుదారుకు డబ్బు కట్టాలి. తాబేలు అడగదు, దానికి లాయరు లేడు.

అడిగే స్థితిలోనూ లేదు. 1996 నుంచి అది ‘తీవ్రంగా అంతరించిపోతున్న’ జాతుల జాబితాలో ఉంది. దాని డిప్ప మీది పలకలు ఒలిచి దువ్వెనలు, కళ్లద్దాల ఫ్రేములు, నగల పెట్టెలు చేసి ప్రపంచమంతా అమ్ముకుంది. అంతర్జాతీయ ఒప్పందాలు ఆ వ్యాపారాన్ని నిషేధించాయి. అప్పుడు దాని ఒంటిమీది డిప్పను షోకేసులో పెట్టుకున్నాం, ఇప్పుడు దాని బొమ్మను పెట్టుకుంటున్నాం. తాబేలు వైపు నుంచి చూస్తే ఇది నిజంగా పురోగతే, వెటకారం కాదు.

నా పేచీ నియూతో కాదు. అంత చిన్న దేశం పేరు అద్దెకిచ్చి నాలుగు డబ్బులు సంపాదించుకుంటే తప్పేమీ లేదు. అద్దెకు కూడా ఇవ్వకముందే పోగొట్టుకున్నవీ ఉన్నాయి. ఇంటర్నెట్‌లో దాని వాటాగా వచ్చిన ‘డాట్ ఎన్‌యూ’ అనే వెబ్ చిరునామా ఎప్పుడో చేజారి స్వీడన్ చేరింది, తిరిగిమ్మని 2018లో కోర్టుకెక్కాల్సి వచ్చింది. నా పేచీ ప్లాస్టిక్ డబ్బీలో వెండి తాబేలును పెట్టుకుని సముద్రాన్ని కాపాడానని కాలరెగరేసే పెద్దమనిషితోనే.

ఆయన ఆందోళనలు వినండి. సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడుతున్నాయంటే ఆవలిస్తాడు. నాణెం మీద తెల్లటి పాలచుక్క లాంటి మచ్చ కనబడితే నిద్రపోడు. నిజంగానే వెండి నాణేలకు ఆ రోగం ఉంది, దాని మీద పేజీలకు పేజీలు చర్చలున్నాయి. వేలితో ముట్టరాదు, గాలి తగలరాదు. నాణ్యతకు 70కి 70 మార్కులు వేయించి, గట్టి ప్లాస్టిక్ బిళ్లలో సీలు వేయించాలి. సముద్రాన్ని సత్కరించే వస్తువు సముద్రపు గాలికి నల్లబడుతుందని బీరువాలో దాచాలి. ఆ ప్లాస్టిక్ చివరికి ఎక్కడ తేలుతుందో తాబేలుకు తెలుసు.

కొన్ని నాణేలతో పాటు ఒక ధ్రువపత్రం వస్తుంది. స్వచ్ఛత వెయ్యికి 999 పాళ్లు, బరువు, వ్యాసం, ఎన్ని అచ్చయ్యాయి, అందులో మీదెన్నోది. నేను చూసినవాటిలో ఆ వెండి ఏ గనిలోంచి వచ్చిందో లేదు. వెండిలో ఎక్కువ భాగం సీసం, జింకు, రాగి, బంగారు గనుల్లో ఆ లోహాలతో పాటు వచ్చి పడేదే. తాబేలుకు ఎంత చేరిందో కూడా లేదు. కొన్ని కంపెనీలు కొంత విరాళమిస్తామంటాయి. ఇస్తే సంతోషం, ఆ అంకె కూడా 999 పక్కనే అచ్చువేయొచ్చు.

ఇంతకీ సముద్రాన్ని కాపాడే ధరను నియూ దాచిపెట్టలేదు. తన జలాల్లో 40 శాతం, అంటే 1,27,000 చదరపు కిలోమీటర్లలో చేపల వేట నిషేధించింది. 2023లో బహిరంగంగా రేటు ప్రకటించింది: 250 న్యూజీలాండ్ డాలర్లిస్తే ఒక చదరపు కిలోమీటరును 20 ఏళ్లు కాపాడతాం. ఇంత చవక బేరం ఏ వెండి కొట్లోనూ దొరకదు. కానీ అందులో మెరుపు లేదు, చెక్కపెట్టె లేదు, పదేళ్ల తర్వాత ఎక్కువ ధరకు అమ్ముకునే వీలు అసలే లేదు. అదే పసిఫిక్‌లోని పలావ్ దేశం కథా ఇలాంటిదే. దాని పేరుతో 1992 నుంచి రంగురంగుల చేపల నాణేలు వస్తూనే ఉన్నాయి. అక్కడ పర్యాటకుల చేత ప్రకృతికి హాని చేయనని ప్రమాణం చేయించేది మాత్రం 2017 నుంచి పాస్‌పోర్టులో కొడుతున్న ఒక సిరా ముద్ర.

నాణెం మీద తాబేలుకు తోడు 2 డాలర్లు అని కూడా ఉంటుంది. చట్టం దృష్టిలో అది చెలామణీ డబ్బే, అందులోని వెండి విలువ దానికి ఎన్నో రెట్లు. కాబట్టి సత్కారం చేసి తీరాలనుకునే పెద్దమనుషులకు ఒక మార్గం మిగిలింది. ఆక్లాండ్‌లో విమానమెక్కి నియూ రాజధాని అలోఫీలో దిగండి. కిరాణా కొట్టుకెళ్లి, 70 మార్కుల సీలు పగలగొట్టి, ఆ తాబేళ్లన్నిటినీ గల్లాపెట్టె మీద గలగల పోయండి. ఒక్కోదానికి 2 డాలర్ల సరుకు తీసుకోండి. కొట్టువాళ్లు వద్దంటే మాత్రం బతిమాలకండి, బేరం మీకు కొత్త కాదుగా.