మహబూలా వారి శీతాకాల విడిది

ఏటా డిసెంబరులో హైదరాబాద్‌కు రెండు రకాల అతిథులు శీతాకాల విడిదికి దిగుతారు. మొదటివారు రాష్ట్రపతి. హకీంపేట వైమానిక స్థావరంలో గవర్నరు, ముఖ్యమంత్రి ఎదురొచ్చి పూలగుత్తులిస్తారు. 1860లో కట్టిన బొల్లారం రాష్ట్రపతి నిలయం, తన 90 ఎకరాల ఆవరణను సింగారించుకుని సిద్ధంగా ఉంటుంది. రెండోవారు మహబూలా నుంచి వస్తారు. శంషాబాద్‌లో తెల్లవారుజామున ఆయనకు ఎదురొచ్చేది బావమరిది. పూలగుత్తి తేడు, అద్దె కారు తెస్తాడు. అద్దె ఎవరివ్వాలో ఇద్దరికీ తెలుసు కాబట్టి ఆ ప్రస్తావన రాదు.

మొదటివారు ఏ రోజు ఎక్కడికి వెళ్తారో పత్రికలు ముందుగానే అచ్చేస్తాయి. రెండోవారి పర్యటన గురించి ఎవరూ రాయరు గనక ఆ భారం ఈ కాలమ్ మీద పడింది.

మహబూలా కువైట్ సిటీకి దక్షిణాన, అహ్మదీ గవర్నరేట్‌లో ఉంది. ఒకపక్క ఫహాహీల్ హైవే, మరోపక్క గల్ఫ్ సముద్రం, మధ్యలో ఊపిరాడనన్ని అపార్ట్‌మెంట్లు. సముద్రం పక్కనే అన్నమాటే గానీ, కిటికీ తీస్తే కనిపించేది ఎదుటి బిల్డింగ్ ఏసీల వెనకభాగం. రాయచోటి, రాజంపేట, కడప, కోనసీమ వైపు నుంచి వెళ్లిన డ్రైవర్లు, వంటవాళ్లు, సైట్ పనివాళ్లు గదికి ఇంతమందని సర్దుకుని ఉంటారు. 2020 ఏప్రిల్‌లో కరోనా కట్టడి పేరుతో కువైట్ ప్రభుత్వం జలీబ్ అనే మరో పేటతో పాటు దీన్ని కూడా చుట్టూ మూసేసింది. బొల్లారం నిలయంలో వంటగది నుంచి భోజనశాలకు వంటకాలు చేరడానికి ఒక సొరంగం ఉంది. మహబూలా గదిలో అంత ఏర్పాటు అవసరం రాలేదు. పొయ్యి మీద పప్పు పొంగితే మంచం మీదున్నవాడు చెయ్యి చాచి మూత తీస్తాడు.

మరి ఈయన విడిదికి బయల్దేరడం ఎలా? 2010 నాటి కువైట్ కార్మిక చట్టం ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవిచ్చింది. చాలామంది రెండేళ్లు కూడబెట్టుకుని ఒకేసారి వాడుకుంటారు. ట్రాఫిక్ జరిమానాలు, కరెంటు బాకీలు తీర్చందే విదేశీయులు విమానం ఎక్కకూడదని 2023లో నిబంధన పెట్టారు. 2025 జులై 1 నుంచి ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే విదేశీయులకు యజమాని ఆమోదించిన ఎగ్జిట్ పర్మిట్ కూడా ఉండాలి. రైసినా హిల్ దాటడానికి రాష్ట్రపతికి ఈ ఇబ్బంది ఉన్నట్టు ఎక్కడా చదవలేదు.

అసలు చోద్యం కాలం దగ్గర ఉంది. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 గంటల వరకు ఆరుబయట పని చేయించకూడదని అక్కడ ఏటా ఆజ్ఞ ఉంటుంది. ఆ నిప్పుల కొలిమిలో ఉండి ఉండి, నవంబరులో గాలి చల్లబడి, కువైటీలు ఎడారిలో గుడారాలేసుకుని పండగ చేసుకునే వేళకు మనవాడు పెట్టె సర్దుతాడు. అక్కడ మనిషి బతకదగ్గ నాలుగు నెలల్లో ఒక నెలను అల్వాల్‌లో ఉన్న బావమరిదికి సమర్పించుకుంటాడు. సంక్రాంతి జులైలో రాదు మరి.

కారు పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కుతుంది. 11.6 కిలోమీటర్లు, 2009లో తెరిచారు. అయిదు గంటలు గాల్లో వచ్చినవాణ్ణి కాసేపు మళ్లీ గాల్లోనే తీసుకుపోయే సౌకర్యం. మెట్రో 2017 నవంబరులోనే మొదలైనా శంషాబాద్ దాకా రాలేదు కాబట్టి కారు అద్దె గురించి బావమరిది నిశ్చింతగా ఉంటాడు. కిటికీ అద్దం ఎత్తుతూ మొదటి పలకరింపు:

"బావా, అంత ఎండల్లో ఉండొస్తివి, ఈడ చలికి తట్టుకుంటావా?"

ఇక్కడ కొన్ని అంకెలు చెప్పుకోవాలి. హైదరాబాద్ చరిత్రలో అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరి 8న నమోదైన 6.1 డిగ్రీలు. మామూలు శీతాకాలపు రాత్రి 14, 15 దగ్గర తచ్చాడుతుంది. కువైట్‌లో జనవరి రాత్రులు పది డిగ్రీల లోపుకి దిగడం మామూలే. ఎడారి గాలి వీస్తే పళ్లు పటపటలాడతాయి. 2022 డిసెంబరు 27న మహబూలాకు దక్షిణాన ఉమ్ అల్ హైమాన్‌లో వడగళ్లు పడి రోడ్లు తెల్లబడ్డాయి, పిల్లలు వాటిని ఉండలు చేసి విసురుకున్నారు. ఆ వారమే ద్రౌపదీ ముర్ము రాష్ట్రపతిగా తన తొలి శీతాకాల విడిదికి బొల్లారంలో ఉన్నారు. కానీ ఈ లెక్కలు బావమరిదికి చెప్పి లాభం లేదు. కువైట్ అంటే ఎండ, ఎండ అంటే డబ్బు, డబ్బు అంటే బావ. మనవాడు కోతి టోపీ పెట్టించుకుని ఊరుకుంటాడు.

రాష్ట్రపతి విడిదిలో ఉన్నన్నాళ్లలో ఒక సాయంత్రం నిలయంలో ప్రముఖులకు 'ఎట్ హోమ్' తేనీటి విందు ఉంటుంది. అల్వాల్‌లో అది మొదటి ఉదయమే జరుగుతుంది, ఆహ్వానపత్రాలు లేకుండా. తాళ్లతో బిగించి, నాలుగు వైపులా మార్కర్‌తో పేరూ ఫోన్ నంబరూ రాసిన అట్టపెట్టె హాలు మధ్యలో తెరుచుకుంటుంది. నిడో పాలపొడి డబ్బాలు, టాంగ్, టైగర్ బామ్, ఖర్జూరం, పిస్తా, అత్తరు సీసాలు. అట్టడుగున, లగేజీ బరువులో సింహభాగం మింగిన పులి బొమ్మ దుప్పటి. బొల్లారం అతిథులు టీ తాగి నమస్కారం పెట్టి వెళ్తారు. అల్వాల్ అతిథులు నమస్కారం ముందే పెట్టేస్తారు, తర్వాత రెండు చేతులూ ఖాళీ ఉండవు.

"బంగారం ఏం తేలేదా అల్లుడూ?" అంటుంది అత్తగారు, ఎంతో మర్యాదగా.

అల్లుడికి పాత నిబంధనలు నోటికొచ్చు. 2026లో మారేదాకా ఉన్న 2016 నాటి బ్యాగేజీ నిబంధనల ప్రకారం, ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చే మగవాడు 20 గ్రాముల నగ సుంకం లేకుండా తెచ్చుకునే వీలుండేది, విలువ మాత్రం 50 వేలు దాటకూడదు. ఆడవాళ్లకు 40 గ్రాములు, లక్ష రూపాయలు. అవి వచ్చిన 2016లోనే మన దేశంలో బంగారం పది గ్రాములు పాతికవేలు దాటి ఉంది. అంటే అనుమతించిన బరువు తెస్తే విలువ దాటేది, అనుమతించిన విలువకు తెస్తే బరువు చాలేది కాదు. ఇంత చక్కటి నిబంధన రాసినవారు అత్తగారితో మాట్లాడి ఉండరు.

తర్వాత దినారు ముచ్చట. ప్రపంచంలో అన్నిటికన్నా ఖరీదైన కరెన్సీ అది. ఒక్కో దినారు 270 రూపాయలకు పైమాటే. ఆయన జీతం చూపే ఫోన్ కన్నా రేటు చూపే ఫోన్లు ఆ ఇంట్లో ఎక్కువ. అక్కడ మామూలు పెట్రోలు లీటరు 85 ఫిల్స్, అంటే పాతిక రూపాయలకు కాస్త అటూ ఇటూ. ఇక్కడ 107 దాటింది. ఈ తేడా చెప్పి ఇక్కడివాళ్లను ఊరించాలని ఆయన సరదా. విన్నవాళ్లు మాత్రం ఆ మిగులంతా ఆయన జేబులోనే పడుతోందని లెక్కేసి, కారుకు ట్యాంకు నింపించమంటారు.

ఊరు చూడాలి కదా. వచ్చిన వారంలోనే సాలార్‌జంగ్ మ్యూజియం అన్నారు. కువైట్‌లో వారాంతం శుక్రవారంతో మొదలవుతుంది. ఆయన ఒళ్లు శుక్రవారాన్ని సెలవుగా గుర్తుపెట్టుకుంది. మ్యూజియమూ అలాగే గుర్తుపెట్టుకుంది, శుక్రవారం మూసేస్తారు. ముసుగు రెబెక్కా లోపలే ఉండిపోయింది, గంట కొట్టే బొమ్మ గడియారమూ లోపలే ఉండిపోయింది. తిరుగు దారిలో తిరుమలగిరి దగ్గర ట్రాఫిక్ ఆపేశారు. రాష్ట్రపతి కాన్వాయ్. ఒకే ఊరికి, ఒకే రుతువులో, ఒకే పని మీద వచ్చిన ఇద్దరూ ఆ విధంగా ఒకే రోడ్డు మీద కలుసుకున్నారు, ఒకరు కదులుతూ, ఒకరు ఇంజన్ ఆపి.

జనవరి ఒకటిన నాంపల్లిలో నుమాయిష్ తెరుస్తారు. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టిన ప్రదర్శన. ఇప్పుడు ఫిబ్రవరి 15 దాకా సాగుతుంది. కాశ్మీరు శాలువాలు, లక్నో కుర్తాలు, మిర్చి బజ్జీలు, జెయింట్ వీల్. అందరికీ టిక్కెట్లు, అందరికీ బజ్జీలు, అందరికీ జెయింట్ వీల్ ఆయనే. నాలుగో వరుసలో ఓ దుకాణం ముందు బావమరిది కూతురు ఆగింది.

"మామా, నువ్వు తెచ్చిన పులి దుప్పటే! ఈడ ఇంకా తక్కువకిస్తున్నారు."

పిల్లకు తెలిసిన సంగతి ఎయిర్‌లైన్ కౌంటర్‌లో అదనపు బరువుకు డబ్బు కట్టినప్పుడు ఆయనకు తెలియదు.

విడిదిలో మరో అజెండా తమ్ముడి పెళ్లి. అతనూ మహబూలాలోనే ఉంటాడు, అన్నతో పాటే లీవు పెట్టుకుని వచ్చాడు. సంబంధాలు చూశారు, ఒకటి కుదిరింది, పంచాంగం తెరిచారు. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం, ముహూర్తాల్లేవు. ఆ వెనకే పుష్యం మిగిలినన్ని రోజులూ అంతే. మాఘం వస్తే గానీ బాజాలు మోగవు. మాఘం నాటికి కుర్రాడు మహబూలాలో డ్యూటీ ఎక్కి ఉంటాడు. గల్ఫ్ లీవుల్ని సంక్రాంతికి కట్టిన మనవాళ్లు, పెళ్లిళ్లను సంక్రాంతి తర్వాతకు నెట్టారు. రెండూ ఎప్పుడు కలుస్తాయో పురోహితుణ్ణి అడిగితే కంపెనీని అడగమన్నాడట, కంపెనీని అడిగితే వచ్చే ఏడాది అన్నదట.

సంక్రాంతి ముందు ఊరు ఖాళీ అయింది. పంతంగి టోల్‌గేటు దగ్గర విజయవాడ వైపు కార్లు బారులు తీరాయి. అతిథి వచ్చింది చూసి ఇంటివాళ్లు ఊరెళ్లిపోయే నగరం ఇదొక్కటేనేమో. మనవాడు కాచిగూడలో వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, రాజంపేటలో దిగి, పండగ మూడు రోజులూ సొంత గుమ్మంలో కూచున్నాడు. లీవులో ఆ మూడు రోజుల్లోనే ఆయన్ను ఎవరూ రేటు అడగలేదు. కోడిపందేలు లేని సీమ పల్లె కాబట్టి డబ్బు కూడా మిగిలింది.

మళ్లీ శంషాబాద్. ఈసారి పెట్టెలో అరిసెలు, గోంగూర పచ్చడి, చింతపండు, కారప్పొడి. తూకం మీద ఎక్కువైతే ఏది తీసేయాలో ముందే అనుకున్నారు. అరిసెలు మాత్రం తీయకూడదు. డిపార్చర్ గేటు ముందు బావమరిది చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి, ఎంతో ప్రేమగా అన్నాడు:

"ఈ తూరి చలికాలం వద్దులే బావా, మే నెల్లో రా. ముహూర్తాలుంటాయి. ఏసీ కూడా కొనాల."